డోలు వెంట నడిచిన గుర్రం

పోయిన వారం మోకాళ్ళ నొప్పులకని తెనాలిలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, నా దొడ్డికాళ్ళు చూసి ఏం పని చేసేవారండీ అని అడిగింది. గుర్రాలకి నడకా, మనుషులకి స్వారీ నేర్పేవాణ్ణమ్మా అంటే, పాపం, నవ్వాపుకోలేకపోయింది. మన ఈడువాళ్ళకైతే ఇదంతా చెప్పనక్కర్లేదు, జట్కా దిగి రైలెక్కనివాళ్ళు మనలో ఎవరున్నారు!

అరవైల్లో సంగతి. మా నాన్న తెనాలి స్టేషను దగ్గర జట్కా తోలేవాడు, నాకేమో బాపట్లలో గుర్రాలను మచ్చిక చేసే మా మేనమామలా కావాలని ఒకటే పట్టుదల. చివరికి మామయ్య ఒక తెల్లగుర్రాన్ని నా చేతికిచ్చి, రేపల్లెలో ఒక మేష్టారి పెళ్ళి ఊరేగింపుకి దీన్ని తయారుచెయ్యి, ఆయనకి స్వారీ కూడా నువ్వే నేర్పు, తేడా వచ్చిందా, మళ్ళీ మీ నాన్న జట్కాకే పొమ్మన్నాడు.

బాజాల మోత వింటే చాలు, వెనక్కి తన్నే గుర్రం అది. కొలకలూరు నుంచి డోలు వాయించే పెద్దాయన్ని బతిమాలి తెచ్చి, పూటపూటా ఉలవ గుగ్గిళ్ళు పెట్టేటప్పుడే డోలు కొట్టించాను. నెల తిరిగేసరికి ఆ చప్పుడులో అది హాయిగా నములుతూ నిలబడుతుంటే, నా తెలివికి నేనే మురిసిపోయాను. మేష్టార్ని బాపట్ల సముద్రపు ఇసకలో గుర్రమెక్కించి, భయమేస్తే కళ్ళెం లాగొద్దు, మోకాళ్ళు బిగించి నిటారుగా కూర్చోండి అని గొంతు పోయేలా చెప్పాను. ఆయన రెండుసార్లు పడ్డాడు, మూడోసారి పడలేదు.

పెళ్ళినాటి సాయంత్రం టపాకాయలు పేలినా గుర్రం చెవి కదపలేదు. డోలు మోగింది. అంతే, గుగ్గిళ్ళ వేళయిందనుకుని తిన్నగా డోలాయన మీదికి నడిచింది. ఆయన వెనక్కి వెనక్కి నడుస్తూ భయంతో ఇంకా గట్టిగా వాయించడం, అది ఇంకా ఆత్రంగా వెంటబడటం, జనం పక్కకి ఉరకడం. గుంపు దాటి వెళ్ళలేక, సిగ్గుతో చచ్చిపోయాను, నా పని జట్కాకే అనుకున్నాను. మా మేష్టారు మాత్రం కళ్ళెం లాగలేదు. లాగితే అది ముందుకాళ్ళు లేపేదే. మోకాళ్ళు బిగించి, బాసికం చెదరకుండా, ఆడపెళ్ళివారి గుమ్మం దాకా నిటారుగా వెళ్ళి నవ్వుతూ దిగాడు.

మామయ్య నా దగ్గరికొచ్చి, "తప్పు గుర్రానిది కాదురా, నీ గుగ్గిళ్ళది. మనిషిని మాత్రం కూర్చోబెట్టావు. రేపట్నుంచి స్వారీకొచ్చేవాళ్ళంతా నీవాళ్ళే" అన్నాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ తరవాత డెబ్బైల చివరిదాకా వేమూరు నుంచీ, బాపట్ల నుంచీ ఎందరో పెళ్ళికొడుకులూ, మోతుబరి రైతులూ నా మాట విని జీనెక్కారు, ఒక్కరూ ఊరేగింపులో కింద పడలేదని ఇప్పటికీ గర్వంగా చెబుతాను.

జట్కాలు పోయి రిక్షాలొచ్చాయి, అవీ పోయాయి; పెళ్ళికొడుకులు కార్లలో దిగుతున్నారు, అదీ మంచిదే, పడే భయం లేదు. మెడ మీద చెయ్యి వేసి గుర్రం ఎందుకు బెదిరిందో ఈ రోజుకీ చెప్పగలను. చెయ్యి వెయ్యడానికి ఊళ్ళో గుర్రమే లేదు.