వంగినా జారని టోపీ

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, దివిసీమలో ఒక ఊరి చర్చి పండక్కి మేము టోపీల దుకాణం పెట్టాం. మేము అంటే నేను, ఖైరున్నీసా ఆపా. భవానీపురంలో మా ఇంటి ముందుగదే మా కార్ఖానా. బట్ట కొనడం, ఊళ్ళు తిరిగి అమ్మడం నా పని. కటింగు ఆపాది. చేతి టోపీల పనిలో కటింగ్ మాస్టరుదే పెద్ద హోదా. ఆవిడ సుద్దముక్కతో గీసిన గీతను కుట్టేవాళ్ళు దాటకూడదు, దుకాణం పేరు నాదైనా సరే నేనూ దాటకూడదు. మోకాళ్ళు సహకరించక ఇప్పుడు పని మానేశాను. ఆ వ్యాపారం ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే నాకు ముందుగా గుర్తొచ్చేది ఏసమ్మ సంగతి.

ఏసమ్మది ఆ ఊరి పక్క పేట. నాట్ల ముఠాకు మేస్త్రి. రైతుతో కూలి మాట్లాడి, ఆడవాళ్ళను పొలానికి తీసుకెళ్ళి, వాళ్ళతో పాటు తనూ వంగి పనిచేసే మనిషి. ప్రార్థన అయ్యాక మా దుకాణం ముందు ఆగి, వెడల్పు అంచున్న టోపీ ఒకటి తీసి తలకు పెట్టుకుంది. అద్దం ఇవ్వబోయాను. అద్దం వద్దని, అక్కడే జనం మధ్యలో నాటు వేస్తున్నట్టు నడుం వంచింది. టోపీ జారి దుమ్ములో పడింది. దాన్ని తీసి దులిపి, ఎక్కడిది అక్కడే పెట్టింది.

"నిలబడి చేసే పనులకు బాగుందండీ. మాది వంగి చేసే పని," అంది.

వెళ్ళిపోతున్నదాన్ని ఆపా పిలిచి స్టూలు వేసింది. తువ్వాలు చుట్టుకుంటే చాలదా అని అడిగింది. తువ్వాలు తలను కాస్తుంది గాని మొహానికి, మెడకు నీడ ఇవ్వదని ఏసమ్మ చెప్పింది. అంతకుముందు ఏడు ఆమె తోటికోడలు వడదెబ్బ తగిలి చేలోనే పడిపోయిందట. "లేచిందండీ. కానీ మునుపటి మనిషి కాదు," అంది. ఆపా టేపు తీసి ఆమె తల కొలత తీసుకుంది. ఆ తర్వాత కొప్పు కొలత కూడా తీసుకుంది. టోపీకి కొప్పు కొలవడం నేను చూడడం అదే మొదటిసారి.

టోపీ పైభాగాన్ని కొయ్యతో చేసిన తల మీద తొడిగి, తడిపి, ఇస్త్రీ చేస్తేనే దానికి గుండ్రం వస్తుంది. ఆ కొయ్య తలలు మాకు కొండపల్లిలో బొమ్మలు చేసే ఆయన చెక్కి ఇచ్చేవాడు. ఈసారి కొప్పుతో సహా కావాలంటే నవ్వి, చెక్కిచ్చాడు. టోపీ వెనక కొప్పు బయటికి వచ్చేలా ఆపా కంత పెట్టింది, గడ్డం కింద ముడికి నాడా కుట్టింది. అంచు బిగువుగా ఉండడానికి మామూలుగా లోపల బక్రం అనే గంజి పట్టిన గట్టి గుడ్డ పెడతాం. చెమటకు అది మెత్తబడి కళ్ళ మీదికి వాలింది. బక్రం తీసేసి, రెండు పొరల ఖద్దరు మీద దగ్గర దగ్గరగా వరస కుట్లు వేస్తే అంచు నిలబడింది. రంగు తెలుపే ఉండాలని ఆపా పట్టుబట్టింది, ఎండను తిప్పికొడుతుందని. మినుము తీతకు వెళ్ళినప్పుడల్లా ఏసమ్మ దాన్ని పెట్టుకుని, ఎక్కడ ఒరుసుకుంటోందో ఫోనులో చెప్పేది. మళ్ళీ విప్పి కుట్టేవాళ్ళం.

అన్నీ సరిచేసిన టోపీ ఏసమ్మకు ఇచ్చిన రోజు ఆపా ఒక మాట అడిగింది. "చేలో ఎవరన్నా ఏమన్నా అంటారేమో, ఆలోచించావా ఏసమ్మా?"

"మా తల, మా ఎండ. ఎవరేం అంటారండీ?" అంది ఏసమ్మ.

ముఠా అందరికీ అలాంటివే కుట్టి ఇచ్చాం. నాట్లు మొదలయ్యాక ఇద్దరం బస్సెక్కి చూడ్డానికి వెళ్ళాం. దమ్ము చేసిన చేలో ఆడవాళ్ళంతా వరసగా వంగి, వెనక్కి అడుగులేస్తూ నాటుతున్నారు. బురద మీద తెల్లటి టోపీల వరస కదులుతోంది. ఒక్కటీ జారలేదు. ఆపా గట్టు మీద చతికిలబడి, కొంగుతో మొహం తుడుచుకుంటూ చాలాసేపు అలాగే చూసింది. మా ఇద్దరి పనిలో అంతకన్నా మంచిరోజు లేదు.

వారం తిరక్కుండా ఏసమ్మ భవానీపురం వచ్చింది. చేతిలో మూట. టోపీలన్నీ ఉతికి, మడిచి తెచ్చింది. మంచినీళ్ళు తాగాక చెప్పింది. పొలం ఆసామి గట్టు మీదికి వచ్చి చూసి, "కూలికొచ్చినట్టు లేదు, తనిఖీకి వచ్చినట్టుంది," అన్నాడట. నవ్వులాట అనుకున్నారు వీళ్ళు. మర్నాడు చేలో పక్కూరి ముఠా దిగింది. ఆ తర్వాత మిగతా రైతులూ పిలవడం మానేశారు.

నేను ఊరుకోలేక ఆపాను వెంటబెట్టుకుని ఆ ఆసామి ఇంటికి వెళ్ళాను. మర్యాదస్థుడు. కుర్చీలు వేయించి, టీ ఇప్పించాడు. వడదెబ్బ సంగతి చెబితే ఓపిగ్గా విన్నాడు.

"ఎండ ఇప్పుడు కొత్తగా వచ్చిందా అమ్మా? వాళ్ళ అమ్మలూ ఇదే చేలో నాటారు. మీ వ్యాపారం మీరు చేసుకోండి, మా మనుషుల సంగతి మేం చూసుకుంటాం," అన్నాడు.

'మా మనుషులు' అన్న మాట దగ్గర ఆపా టీ గ్లాసు కింద పెట్టేసింది.

తిరిగొచ్చాక ఆపా వేరే రకం కత్తిరించింది. పైన గళ్ళ తువ్వాలు గుడ్డ, మడతలు మడతలుగా చుట్టినట్టే కుట్టు. అంచు పొట్టిది, మడతల్లో కలిసిపోతుంది. దూరం నుంచి చూస్తే తలగుడ్డ. నీడ సగమే, కానీ ఎవరి కంటా పడదు. అవి పట్టుకుని పేటకు వెళ్ళాం. ఆడవాళ్ళు సంతోషంగా తీసుకున్నారు. అవి పెట్టుకుని నాట్లకు వెళితే ఎవరూ ఏమీ అనలేదు. ముఠాకు మళ్ళీ పని దొరికింది.

ఏసమ్మ తన టోపీని చేతిలో తిప్పి తిప్పి చూసింది.

"కుట్టు బాగుందండీ. కానీ ఇది దాక్కునే టోపీ. నాకొద్దు," అంది.

ఆపా దాన్ని తీసుకుని సంచిలో పెట్టేసింది. ఏసమ్మ పాత తువ్వాలే చుట్టుకుని చేలోకి దిగింది. ఆ పంటకాలం అయ్యాక మేస్త్రి పని వదిలేసి, బళ్ళో మధ్యాహ్న భోజనం వండే పనికి చేరిందని తర్వాత విన్నాను. ఆమె తప్పుకున్నాక ముఠాలో గట్టిగా కూలి మాట్లాడేవాళ్ళు లేకుండా పోయారని కూడా విన్నాను.

ఆ తలగుడ్డ టోపీ డెల్టా అంతా నడిచింది. ఏ తిరునాళ్ళకు వెళ్ళినా ముందు అయిపోయేది అదే. కొన్నవాళ్ళు మెచ్చుకుంటుంటే ఆపా మొహం పక్కకు తిప్పుకునేది. నాకూ సరుకు పెట్టె ఖాళీ అయిందన్న తృప్తి ఎప్పుడూ కలగలేదు.

టోపీ కుట్టేవాళ్ళం తల కొలుస్తాం, పనేమిటో అడుగుతాం, ఎండ ఎంతో చూస్తాం. ఆ తలకు కూలి ఇచ్చే మనిషి ఎంతవరకు ఓర్చుకుంటాడన్నది కూడా కొలతల్లో ఒకటని నాకు ఆ ఏడు తెలిసింది. తెలిశాక ఆ కొలతకే కుట్టాం, బాగా అమ్ముడయ్యాయి. తలకు సరిగ్గా సరిపోయింది మాత్రం వాళ్ళు ఉతికి తిరిగిచ్చిన టోపీయే.