కడిగి పంపిన జున్ను సర్వ

మా చిన్నప్పుడు... జున్నుపాలు పోసిచ్చిన సర్వను కడిగి, ఒట్టిగ వాపస్ పంపినోడు మా అన్నదమ్ముల పాలోళ్లల్ల ఒక్కడు లేడు. నా సొంత తమ్ముడు నర్సింహ పంపిండు. ఏండ్లు గడిచినయి గని నా కడుపుల మంట సల్లారలే. నేను జేస్తే వాడు ఫోన్ ఎత్తడు. గీ గ్రూపుల పెట్టేది మాత్రం సదువుతడు, నాకెరుకే. అందుకే గీడ రాస్తున్న.

తెల్వనోళ్లు ఇనుండ్రి. బర్రె ఈనితే మొదటి రెండు మూడు దినాలు వచ్చేటియి జున్నుపాలు. ఇంటోళ్లు నోట్ల పెట్టుకునే ముందు అన్నదమ్ముల ఇండ్లకు పోవాలె. గది రివాజు.

మమ్ముల కన్న అవ్వ ఇత్తడి సర్వల పాలు పోసి, మీద మోదుగాకు కట్టి, మా ఇద్దరి చేతుల పెట్టేది. శామీర్‌పేట చెరువు కట్ట దాటి పెద్దమ్మ ఇంటికి పోవాలె. తోవల నర్సిగాడు ఆకు జరిపి, ఏలు ముంచి నాకేటోడు. "పచ్చిపాలురా" అంటే ఇనకపోయేటోడు...

పెద్దమ్మ ముందు సర్వల సూసేది, తర్వాత మా మూతులు సూసేది. "బర్రె ఇన్నే ఇచ్చిందారా... తోవల ఇంకో దూడ తాగిందా?" నర్సిగాడు మూతి తుడుసుకునేటోడు. నేను నవ్వితే మొట్టికాయ నాకు పడేది!

సర్వ మాత్రం కడగకపోయేది. జున్నుపాల సర్వ కడిగితే బర్రె పాలియ్యకుండ గుంజుకుంటదని భయం. గా అంటిన పాల మీదనే దోసెడు బియ్యం పోసి, బెల్లం గడ్డ పెట్టి ఇచ్చేది పెద్దమ్మ.

ఒక ఏడు బాయి నీళ్ల కాడ మా నాయిన, పెద్దనాయిన కొట్టుకున్నరు. తలకాయలు పలిగినయి. గా ఏడు గూడ జున్ను ఆగలే. మాటల్లేవు గని సర్వ పోయింది, బియ్యం వచ్చినయి. గా బియ్యం సూసి మా అవ్వ అన్నది... "వాళ్లు ఇంకా మనోళ్లేరా."

మా పిల్లలు చిన్నగున్నప్పుడు, తొంభైలల్ల గూడ గిట్లనే నడిచింది. ఇగ తర్వాత భూములు పిలాట్లయినయి. నేను, తమ్ముడు ఏరుపడ్డం. నర్సింహ మేడ్చల్ దిక్కు కొత్త కాలనీల ఇల్లు కట్టుకున్నడు, కొడుక్కు పట్నం పిల్లను జేసుకున్నడు. బర్రెలు నా దిక్కే ఉన్నయి.

గా ఏడే బర్రె ఈనింది. నేనే సర్వకు తువ్వాల సుట్టి, బస్సుల ఒళ్లె పెట్టుకొని పోయిన. కుదుపులకు సగం నా ధోతి మీదనే ఒలికింది. కండక్టర్ నవ్వుకుంట "పెద్దమనిషీ, బర్రెకు గూడ టికెట్ తీస్కోరాదు" అన్నడు. బస్సంత ఒకటే నవ్వు. అయినా ఇచ్చొచ్చిన.

రెండు దినాలకు సర్వ వాపస్ వచ్చింది... ఆటో పిలగాని చేతికిచ్చి పంపిండ్రు, ప్లాస్టిక్ కవర్ల సుట్టి. చింతపండు పెట్టి తోమిండ్రు, బంగారం లెక్క మెరుస్తాంది. మా ఇంటామె కవర్ బోర్లిచ్చి దులిపింది. ఒక్క గింజ రాలలే. "మనది మనకు అప్పజెప్పిండ్రు" అన్నది. గంతే. లోపలికి పోయింది.

తర్వాత ఒక పెండ్లిల దొరికిండు నర్సింహ. పక్కన కూసోని అడిగిన.

"ఏంరా, సర్వ ఒట్టిగ పంపినవేంది?"

"కోడలు గంట సేపు తోమి అద్దం లెక్క జేసి పంపిందన్నా. దాంట్ల గూడ నీకు తప్పే కనవడ్డదా?"

"కోడలు పిల్లకు తెల్వదు. నీకు తెల్వదా?"

"గీ కాలంల గవన్ని ఎవడు సూస్తడే!"

"నేను సూస్తరా."

ముందటి పల్లెం గట్లనే ఇడిసిపెట్టి లేసి పోయిండు. గప్పటి సంది మాటల్లేవు, సర్వ గూడ పోలే.

గా కోడలు పిల్ల మీద నాకు కోపం లేదు. కొత్తగ వచ్చిన పిల్ల, మంచిగ తోమియ్యాలె అనుకున్నది. గిది మన రివాజు బిడ్డా అని చెప్పేటోడు ఇంట్లనే ఉన్నడు గద? నోట్ల నాలుక లేదా వానికి? బర్రె అయితే పాలు గుంజుకోలే. గా ఏడు మస్తు ఇచ్చింది. గుంజుకున్నది నా తమ్ముడు.

వాన్నొక్కన్నే అని ఏం లాభం. పట్నంల ఉన్న నా కొడుకు గూడ గంతే. జున్ను పంపుతా అంటే "బాపూ, ఈడ మిఠాయి దుకాణంల దొరుకుతది తియ్యే" అంటడు. అరే, రుచి కోసమే పంపుతరారా? పట్టుకపోయినోడు జర సేపు కూసుంటడు. ఎవరికి పాణం బాగలేదు, ఎవరింట్ల పోరు నడుస్తాంది, ఎరుకైతది. గిప్పుడు అన్నదమ్ముల్ల ఎవడన్న సచ్చినా వాట్సాప్ల ఫోటో పెట్టినంకనే ఎరుకైతాంది!

ఇగ ఇయ్యాల్టి సంగతి. మంగళారం పొద్దుగాల మా బర్రె ఈనింది. ఇంట్ల ఉన్నది గీ ఒక్కటే. సుట్టూ పిలాట్లు, గోడలు... మేపనీకె జాగ లేదు. నా మోకాళ్లు గూడ ఇంటలేవు. గీ ఈత పాలు అయినంక బర్రెను అమ్ముతున్న. అంటే మా ఇంట్ల గిదే ఆఖరి జున్ను.

వండుకొని తిందాం అంటది మా ఇంటామె. తమ్మునింటికి పోకుండ మేం తినుడు లేదన్న. గప్పటి సంది ఆమె గూడ నాతోని మాట్లాడతలేదు.

సదివేటోళ్లు, మీ ఇండ్లల్ల ఏ గిన్నెలు తిరుగుడు ఆగినయో గీడ కింద రాయుండ్రి. మా పెద్దోళ్లు తలకాయలు పలగ్గొట్టుకోని గూడ ఆపలే. మనం దేనికాపినమో అదన్న రాయుండ్రి.

నర్సింహా, సదువుతున్నవ్ గద. నిన్ను రమ్మంటలేను. సర్వ నేనే పట్టుకొస్త. సుక్కురారం నుంచి అవి ఒట్టి పాలే. బేస్తారం పొద్దుగూకే లోపల చెప్పు... బియ్యం పోసి పంపుతవా, మళ్ల కడిగి పంపుతవా?