విమానానికి సీటు పట్టాను

ఆత్మకూరు బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టడంలో నన్ను మించినవాడు లేడు. ఏడో తరగతితో బడి మానేసినా, ఈ విద్యలో నాకు డిగ్రీ ఇవ్వొచ్చు. విమానానికీ అదే విద్య వాడాను.

ఢిల్లీలో నర్సుగా పనిచేస్తున్న మా అమ్మాయికి మర్నాడు పొద్దున కాన్పు ఆపరేషన్. అమ్మ పక్కన లేకపోతే భయమని ఫోనులో ఒకటే ఏడుపు. మా ఆవిడ నెల్లూరుకు కూడా ఒంటరిగా పోయి ఎరగదు. అందుకని తోడు నేను.

చెన్నై విమానాశ్రయంలో తనిఖీలన్నీ అయ్యాక, గేటు ముందు మొదటి కుర్చీలో సంచి పెట్టి, టీ తాగుదాం రమ్మన్నాను.

"సంచి అట్నే వదిలేసినావేందయ్యా?"

"సీటు పట్టినానే! తలుపు తీసినాక ఆ తోపులాటలో నువ్వు ఎక్కగలవా?"

తిరిగొచ్చేసరికి ఆ చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. సంచి చుట్టూ తాడు కట్టేశారు. ఒక పోలీసు కుక్క దాన్ని తెగ వాసన చూస్తోంది.

"ఎవరిదీ సంచి? ఏముంది లోపల?" తెలుగు వచ్చిన పోలీసాయన గద్దించాడు.

"నాదే సార్. బాలింతకు పాలు పడతాయని ఎండు పాలసొర చేప ముక్కలు. మీ కుక్కకు నచ్చినట్టుండాది, ఒకటి పెట్టమంటారా?"

ఆయన నవ్వలేదు, సంచి విప్పించి చూశాడు. సీటు కోసం పెట్టానని చెబితే, "సీటు నంబరు టిక్కెట్టు మీదే ఉంటుందిగా!" అన్నాడు.

"మా బస్సులోనూ రాసుంటాది సార్. ఎవరు చూసినారు?"

విమాన కంపెనీవాళ్లు కూడా నవ్వలేదు. జనాన్ని బెదరగొట్టానట. విచారణ తేలేదాకా నన్ను తమ విమానాల్లో ఎక్కించుకోబోమన్నారు.

మా ఆవిడ ముందుకొచ్చింది. "సార్, ఈయన్ని ఏమన్నా చేసుకోండి. రేపు నా బిడ్డకు కాన్పు. నన్ను పంపండి."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని సరేనన్నారు.

"ఏమే, ఒక్కదానివి పోగలవా?"

"నువ్వు తోడు రాబట్టే కదయ్యా ఇంత ఆలస్యం!" అంటూ సంచి భుజానికి తగిలించుకుని, వెనక్కి తిరగకుండా వెళ్లిపోయింది.

నేను ఢిల్లీ రైలు పట్టుకున్నాను. మర్నాడు ఫోను మోగింది.

"ఆడబిడ్డ. ఇద్దరూ బాగుండారు. నువ్వు నిదానంగా రా, ఇక్కడ నీతో పనేం లేదు."

రైలు పెట్టెలో ఒక్కరికీ తెలుగు రాదు. అయినా, తాతనయ్యానని అందరికీ పేరుపేరునా చెప్పాను.