బేర్ సరాయ్ సత్రానికి నేను రాసిన నివేదిక

రెండు వేల దశకం మధ్యలో సంగతి. అప్పటికి నేను ఢిల్లీకి వచ్చి చాలా ఏళ్లయింది. కేంద్ర ప్రభుత్వ ఆడిట్ విభాగంలో ఉద్యోగం, ఆర్కే పురంలో క్వార్టర్. ఒక ఆదివారం గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తెలుగమ్మాయి ఒకామె మా ఇంటికి వచ్చింది. వాళ్ల ఆఫీసులో తెలుగువాళ్లంతా కలిసి దగ్గర్లోనే బేర్ సరాయ్‌లో ఉన్న సత్రానికి నెలనెలా విరాళం పంపాలనుకుంటున్నారట. అంతకుముందు ఎవరైనా ఆ సత్రం నిర్వహణను చూసి, ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టాలని వాళ్ల కోరిక.

"ఇవ్వడానికి మాకేం ఇబ్బంది లేదు ఆంటీ. కానీ అడిగితే దేవుడి పనికి లెక్కలేంటి అంటారేమోనని భయం" అంది.

ఆ సత్రాన్ని మా తెలుగువాళ్ల భక్త సమాజం ఒకటి నడిపేది. పెద్దాసుపత్రిలో వైద్యానికి మన వైపు నుంచి వచ్చే రోగులకు, వాళ్ల వెంట వచ్చేవాళ్లకు అక్కడ ఉచితంగా పడక, రెండు పూటలా అన్నం. కోచింగ్ పిల్లల గదుల మధ్య, జిరాక్స్ షాపుల వెనక సందులో మూడంతస్తుల ఇల్లు. దాని అధ్యక్షుడు రిటైరైన పెద్ద ఆఫీసరు. విజయనగరం నుంచి ఉద్యోగానికి ఒంటరిగా దిగిన రోజుల్లో నాకు గది వెతికిపెట్టి, నా మొదటి చలికాలానికి రజాయి కొనిచ్చిన మనిషి. నేను ఆయన్ని బాబాయిగారూ అనే పిలిచేదాన్ని. ఆ మాట ముందే చెప్పి, వేరేవాళ్లను చూసుకోమన్నాను. ఆ అమ్మాయి మాత్రం, "ఆ సంగతి కూడా రిపోర్టులోనే రాసేయండి ఆంటీ" అంది. దాంతో కాదనలేకపోయాను.

బాబాయిగారికి వెళ్లి చెబితే నవ్వారుగాని, కళ్లలో నవ్వు లేదు.

"అచ్ఛా, నన్నే ఆడిట్ చేస్తావేటమ్మా?"

"మిమ్మల్ని కాదు బాబాయిగారూ, సత్రాన్ని."

"రెండూ ఒకటే కదా నాకు" అన్నారు. అయినా బీరువా తాళాలు నా చేతికే ఇచ్చారు.

కొన్ని శనివారాలు అక్కడే గడిపాను. బియ్యం, పాలు, మందులు, వంటవాడి జీతం, అన్నిటికీ బిల్లులున్నాయి. ఎవరూ పైసా తినలేదు. ఆ సంగతి రూఢి అయ్యాక గుండెల మీద బరువు దిగినట్టయింది. కాని ఇతర ప్రశ్నలు మిగిలాయి. కార్యవర్గంలో ఆయన, ఆయన తమ్ముడు, బావమరిది, ఇంకో ఇద్దరు స్నేహితులు. ఏడాదికోసారి కలిసి సంతకాలు పెట్టి టీ తాగి లేచేవారు. సత్రం నడిచే ఇల్లు ఆ తమ్ముడిదే. అద్దె చుట్టుపక్కల ఇళ్లకంటే తక్కువే తీసుకుంటున్నాడు, కాని ఆ మాట ఏ కాగితం మీదా లేదు. కరపత్రంలో ప్రతి రూపాయీ రోగులకే అని అచ్చువేసి, శ్రీరామనవమి పందిరి ఖర్చు కూడా ఆ విరాళాల్లోంచే పెట్టారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం బిల్లుల్లో దొరికినది కాదు. గుంటూరు దగ్గర పల్లె నుంచి భర్త గుండె ఆపరేషన్‌కి వచ్చిన ఒకావిడ మేడమీద బట్టలు ఆరేస్తూ ఉంది. పక్కన నిలబడి బాగోగులు అడిగాను. వాళ్లు చర్చికి వెళ్లేవాళ్లట.

"సాయంత్రం భజనలో కూర్చోమని ఎవరైనా అంటారా?" అని అడిగాను.

"ఎవరూ అనరమ్మా. మంచోళ్లు. కాకపోతే భజనయ్యాకే గదా అన్నం పెట్టేది. లేచి ఎల్లిపోతే ఏమనుకుంటారోనని కూర్చుంటాం" అంది. ఇంకో తడి బట్ట దులుపుతూ, "ఈ మాట నేనన్నానని చెప్పమాకండమ్మా" అంది.

మతభేదం లేదని కరపత్రం చెబుతోంది. అది అబద్ధం కాదు. కాని ఆవిడకు ఆ స్వేచ్ఛ అన్నం పళ్లెం దాకా అందలేదు. పేరు, ఊరు తెలియకుండా ఆ సంగతి కూడా రాశాను.

నివేదిక చదివి మావారు, "ఇదంతా రాయాలా? ఆయన మనకు చేసింది మరిచిపోయావా?" అన్నారు. మరిచిపోలేదు. అందుకే గుర్‌గావ్ పంపకముందు బాబాయిగారికే తీసుకెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో పేజీ నెమ్మదిగా చదివారు.

"ఆ ఇల్లు మా తమ్ముడిదని ఎవరికి తెలీదమ్మా?"

"ఇక్కడ అందరికీ తెలుసండి. ఎక్కడో ఉండి డబ్బు పంపేవాళ్లకు తెలీదు."

ఆయన కాగితాలు బల్ల మీద పెట్టేశారు. గుమ్మం దాకా కూడా రాలేదు. ఆటోలో ఇంటికి వస్తుంటే, ఒక పెద్ద దిక్కును పోగొట్టుకున్నాననిపించింది.

తర్వాతి నెల సర్వసభ్య సమావేశానికి రమ్మని ఆయనే ఫోన్ చేయించారు. హాలు నిండుగా ఉంది. నన్నేం చేస్తారోనని వెనక వరుసలో కూర్చున్నాను. బాబాయిగారు లేచి నా నివేదికను మొదటి వాక్యం నుంచీ తనే చదవడం మొదలుపెట్టారు. తమ్ముడి ఇంటి సంగతి దగ్గర ఆయన గొంతు ఏమాత్రం తగ్గలేదు. మధ్యలో ఒకాయన లేచి, "ఇన్నేళ్ల సేవను తప్పుపట్టడానికి ఈవిడెవరండీ?" అన్నాడు.

"మనం ఎవరినీ అడగనివ్వనివి అడిగింది. ముందు పూర్తిగా విను, తర్వాత మాట్లాడు" అని బాబాయిగారు చదువుతూ పోయారు.

భజన సంగతి వచ్చేసరికి మాత్రం ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది నాకు తోచలేదు" అన్నారు, అందరికీ వినబడేలా.

ఆ రోజే తమ్ముడు కార్యవర్గం నుంచి తప్పుకున్నాడు, ఇల్లు మాత్రం అదే అద్దెకు ఉంచాడు. అతని స్థానంలో బంధుత్వం లేని ఒక డాక్టరునూ, రోగుల తరఫున మాట్లాడటానికి అదనంగా ఒక నర్సునూ తీసుకున్నారు. పండుగలకు వేరే చందా పెట్టారు. అన్నం ముందు, భజన తర్వాత అయింది. జమాఖర్చులు వంటగది పక్క గోడమీద తెలుగులో అంటించడం మొదలైంది. కొందరు పాత సభ్యులు అలిగి మానేశారు, నాతో చాలాకాలం మాట్లాడలేదు. గుర్‌గావ్ వాళ్ల విరాళం ఆ వేసవిలోనే మొదలైంది.

ఉద్యోగంలో నేను రాసిన ఆడిట్ అభ్యంతరాలు ఎన్నో ఫైళ్లలో మగ్గిపోయాయి. మనుషులు చివరిదాకా విన్నది ఇదొక్కటే. రాసినందుకు నాకు గర్వమే. దాన్ని తన నోటితో చదివిన ఆయన్ని తలుచుకుంటే మాత్రం ఇంకా ఎక్కువ గర్వం.

మరుసటి ఏడు ఘాజియాబాద్ నుంచి ఒక చర్చివాళ్లు ఫోన్ చేశారు. కూలీల పిల్లలకు బడి నడుపుతున్నారట, వచ్చి దాని నిర్వహణ, లెక్కలు చూసి పెడతారా అని అడిగారు. నా నంబరు ఎవరిచ్చారన్నాను.

"మీ బాబాయిగారేనండి. మా అమ్మాయి మొహమాటపడదు, అన్నిటికీ సిద్ధపడి పిలవండి అన్నారు."

వచ్చే శనివారం వస్తానని చెప్పాను.