సోమలింగం చెప్పిన మొగులు సినిమా

సూరత్‌లోని ఉధ్నాలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, ముప్ఫై ఏళ్లు గుడ్డ నేసిన సోమలింగానికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన కార్మికులకు, ఆకాశంలో ఓడలు కొట్టుకునే ఆ ఇంగ్లీషు సినిమాకు అర్థం చెప్పే పెద్దమనిషి ఆయనే. దానికి అసలు పేరేదో ఉంది. ఆకాశాన్ని మొగులనే వీళ్లకు మాత్రం అది మొగులు సినిమా.

మొదటి భాగం వీడియో హాల్లో చూస్తున్నప్పుడు పక్కనున్న కమలాకర్ అడిగాడు. "సోమన్నా, ఆ నీలిమొగమోడు ఎవడే? ఎందుకు కొట్లాడుతుండు?"

సోమలింగం తడుముకోలేదు. "కెప్టెన్‌కు పాలోడు. చిన్నాయిన కొడుకు. భూమి పంపకాలు తెగలె. ఆ తెల్లగడ్డపాయన మేనమామ. రాజీ చేద్దామని వచ్చి ఇద్దరితోని తిట్లు తింటుండు."

అంతే, అందరికీ కథ అర్థమైపోయింది. అలాంటి పంచాయితీ ప్రతివాడి ఇంట్లోనూ ఒకటి ఉంది మరి. మూడో భాగంలో చచ్చిన కెప్టెన్ నాలుగో భాగంలో నవ్వుతూ దిగినప్పుడూ సోమలింగం తొణకలేదు. "దినాలు చేసింది సూపెట్టిండ్రా? లేదు. మరి సచ్చిండని నీకెవడు చెప్పిండు?" అన్నాడు.

ఈలోగా సాంచాల మోత ఆయన చెవులు తినేసింది. సినిమాకు దానివల్ల నష్టమేమీ రాలేదు. అంతకుముందు విని అర్థం చేసుకున్నది మాత్రం ఏముంది? ఆ మోతలో పనిచేసేవాళ్లకు పెదాలు చూసి మాట పట్టడం అలవాటే. తెల్లోళ్ల పెదాలు కూడా తెలుగే మాట్లాడతాయని ఆయన నమ్మకం.

చిక్కు తమ్ముడి కూతురు హారతి వల్ల వచ్చింది. సూరత్‌లోనే పుట్టి పెరిగి, చీరలకు డిజైన్లు గీసే పిల్ల. ఏడో భాగం వస్తోందని పాత ఆరూ ఫోన్లో హిందీలో చూసేసింది. ఒక ఆదివారం పొద్దున చాయ్ బండి దగ్గర అందరి ముందూ, నోరు బాగా తెరిచి విడమరిచి చెప్పింది.

"పెద్దబాపూ, ఆయన మేనమామ కాదు. మెషీన్! ఆ నీలోడు పాలోడు కాదు, వేరే గ్రహపోడు. లడాయి భూమి కోసం కాదు, ఇంధనం కోసం."

కమలాకర్ గ్లాసు నోటి దగ్గరే ఆగింది. "ఏందీ? గిన్నేండ్ల సంది ఒక మెషీన్ కోసమా మనం ఏడ్సింది?"

అందరూ పగలబడి నవ్వారు. సోమలింగానికి ఆ నవ్వు వినబడకపోయినా పళ్లు కనబడ్డాయి. చాయ్ సగంలో వదిలేసి ఇంటికి పోయాడు. మూడు ఆదివారాలు గడప దాటలేదు. తానేదో అబద్ధమాడినట్టు ఆయనకెప్పుడూ అనిపించలేదు. కానీ ఇన్నేళ్లూ ఆ మేనమామ మీద పడ్డ జాలినంతా ఇప్పుడు తీసుకెళ్లి ఎక్కడ పెట్టాలి?

ఏడో భాగం రాగానే కమలాకర్, నరహరి, ఇంకో ముగ్గురు ఆయన్ను వదిలేసి హిందీలో చూసొచ్చారు. మర్నాడే హారతిని వెంటబెట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డారు.

"అంతా సమజైంది అన్నా," అన్నాడు కమలాకర్ దిగులుగా. "గని మజా రాలె. జర నడువు."

ఇంగ్లీషులో ఆడే మధ్యాహ్నం ఆటకు వెళ్లారు. సోమలింగం మొదలుపెట్టాడు. వినబడని మనిషి గొంతుకు అదుపుండదు. ఆయన గుసగుస హాలంతా మోగింది. వెనకనుంచి "చుప్, కాకా!" అన్నారు. ఆయనకు వినబడలేదు. ఈలలు వేశారు. అవీ వినబడలేదు. ఇంటర్వెల్‌లో హాలు మేనేజరే వచ్చి ఏడుగురినీ బయటికి సాగనంపాడు.

పార్కింగులో ఎండ మండిపోతోంది. ఆగివున్న స్కూటర్ల మీద అందర్నీ కూర్చోబెట్టి, తాను చూడని మిగతా సగం సోమలింగం చెప్పాడు. కథలో కెప్టెన్‌నూ నీలిమొహంవాణ్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. మధ్యలో మేనమామ.

"మెషీన్ అంటివి గదనే?" అన్నాడు కమలాకర్ హారతి వైపు చూసి.

ఆ పెదాల మీది మాట సోమలింగం పట్టేశాడు. "మోకాళ్లు అరిగితే ఇనుపయి ఏసిండ్రు. గంత మాత్రాన మామ కాకుండ పోతడా?"

హారతి కడుపు పట్టుకుని నవ్వింది. కమలాకర్ బుర్ర గోక్కున్నాడు. "నిన్న మేం సూసిన దాంట్ల గిట్ల లేకుండె."

"నిన్న హిందీల సూసినం, అందుకే," అని నరహరి కసిరాడు. "నువ్వు చెప్పన్నా."

నవ్వు ఆపుకుని హారతి పెద్దబాపు ముందుకొచ్చి నిలబడింది. "మరి ఆఖరికి భూమి ఎవరికి పోయింది, పెద్దబాపూ?"

"యాడ పోయింది బిడ్డా," అన్నాడు సోమలింగం. "ఇంక కోర్టులనే ఉన్నది."