మళ్ళీ విరవని కాలు

బనగానపల్లె మామిడితోటల అంచున, సున్నం రాలిన ఒక మిద్దెలో దస్తగిరి సాహెబు విరిగిన ఎముకలకు కట్లు కట్టేవాడు. కోడిగుడ్డు సొనలో మినపపిండి కలిపి గుడ్డకు పట్టించి, చుట్టూ వెదురుబద్దలు పేర్చి బిగించేవాడు. ఆ మిద్దె ఇప్పుడు లేదు. ఆయన గొప్ప వైద్యుడని మాత్రం ఆ వైపు ఇంకా చెప్పుకుంటారు. నేను అంత మాట అనను. ఆయనకు ఓపిక ఉండేది, నిదానమైన చేయి ఉండేది, తండ్రి నుంచి వచ్చిన ఒక పొరపాటూ ఉండేది: అతికిన ఎముక వంకరగా కనిపిస్తే, ముదరకముందే విరిచి మళ్ళీ కట్టాలన్న నమ్మకం.

కర్నూలు రాజధాని అయిన ఏటి ఎండాకాలంలో, కోసిగి నుంచి కాయలు కోసే కూలికి వచ్చిన గిడ్డమ్మ కూతురు సోమక్క కొమ్మ మీది నుంచి పడింది. ఆరేళ్ళ పిల్ల. మోకాలికి కాస్త కింద ఎముక విరిగింది. దస్తగిరి కట్టిన కట్టు విప్పిన రోజున అక్కడ నిమ్మకాయంత బుడిపె, చిన్న వంపు బయటపడ్డాయి.

గిడ్డమ్మ తల పట్టుకుంది. కూలి గుంపులు ఊరి నుంచి ఊరికి నడిచిపోతాయి; నడవలేని పిల్ల కోసం ఏ గుంపూ ఆగదు.

"ఇరగ్గొట్టి మల్లీ కట్టన్నా. కుంటిదైతే నా ఎంట ఎట్ల వస్తాది? దీన్ని ఎత్తుకుందునా, గంప ఎత్తుకుందునా?"

దస్తగిరి పిల్ల కాలిని పీట మీద పెట్టాడు. అంతలో ఆయన భార్య బీబమ్మ కాలీడ్చుకుంటూ లోపలి నుంచి వచ్చింది. పెళ్ళైన కొత్తలో ఆమె కాలిని ఆయనే ఇలా రెండోసారి విరిచాడు. అది సరిగా అతకలేదు.

"కానీ కానీ. నాకు జత తయారు చేస్తాండావు. దర్గా ఉరుసుకు ఇద్దరం కుంటుకుంటా పోతాం."

"నువ్వుండు. ఆ పొద్దు నువ్వు కదిలినావు."

"నీ కాలు ఇరిస్తే నువ్వు నవ్వుతా పండుకుంటావా? మే గిడ్డమ్మా, మల్లా ఏటి కాపుకు ఈడికే వస్తావు గదా. అప్పటికీ వంకరుంటే అప్పుడు ఇరగ్గొట్టుకుందురు. ఎముక యాడికన్నా పారిపోతాదా?"

దస్తగిరి చేతులు వెనక్కి తీసుకున్నాడు. జ్ఞానం వల్ల కాదు. భార్య ఎదుట ధైర్యం చాలక.

ఆపైన పని ఎవరి చేతుల్లోనూ లేదు. రాయిలా తోచే ఎముక నిజానికి నిత్యం కూలుతూ, లేస్తూ ఉండే కట్టడం. అందులో ఎముకను తినే పెద్ద కణాలుంటాయి. అటువంటి కణం బోర్లించిన గిన్నెలా ఎముకను కరుచుకుని, అంచులు మూసి, లోపల ఆమ్లం వదులుతుంది. సున్నపు ఖనిజం కరిగిపోతుంది. మిగిలిన నారలాంటి మాంసకృత్తును ఆమ్లం తెంచలేదు. దాన్ని కోసేవి ఆ కణమే స్రవించే ఎంజైములు. ఆ పులుపులోనే వాటికి పదును. అవి పనిచేయకపోతే పాత నార అక్కడే మిగిలిపోయి, వెనక వచ్చే, కొత్త ఎముకను కట్టే కణాలకు చోటు దొరకదు. బరువు పడని చోట తిని, పడే చోట కట్టి, ఎముక తన రూపాన్ని వెతుక్కుంటుంది. అన్ని వంకరలూ ఇలా పోవు. పసితనంలో, కీలుకు దగ్గరగా ఉన్న చిన్న వంపైతే పోవచ్చు. నిలకడ అని మనం పిలిచేదానిలో నాశనానికీ ఇంత వాటా ఉందన్నది తత్త్వగ్రంథాలు చెప్పినంత సులువుగా మనసుకెక్కదు.

మరుసటి కాపుకు బుడిపె సగమైంది. ఆపై కాపుకు గిడ్డమ్మ పిల్లను లాక్కొచ్చి కూర్చోబెట్టింది. దస్తగిరి బొటనవేలితో ఎముక పొడవునా తడిమాడు. రెండో కాలూ తడిమాడు.

"ఏ కాలే నీది, ఇరిగింది?"

"ఇదో, ఇది."

"బుడిపె యాడ పోయింది?"

"నాకేం తెలుసు? నేను తీయలా."

బీబమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. దస్తగిరి ఇంకా తడుముతూనే ఉన్నాడు. సోమక్క కాలు లాక్కుని తోటలోకి పరుగెత్తింది.

"చూస్తివా అన్నా? దీని ఎంట నేనే ఉరకలేకపోతాండా," అంటూ గిడ్డమ్మ గంప ఎత్తుకుని, కూతురిని కేకేస్తూ వెనకే పోయింది.