సబ్బు ప్రకటన వేళ

సెయింట్ లూయిస్ దక్షిణపు వీధుల్లో, అందరూ క్లెమ్ అని పిలిచే క్లెమెన్స్ హార్ట్‌విగ్ ఈలకు ఒక పరువుండేది. వారమంతా బూట్ల ఫ్యాక్టరీలో తోలు కోసేవాడు. ఆదివారాలు చర్చి జట్ల సాకర్ ఆటలకు రెఫరీ. సొంత బావమరిది ఆడుతున్నా సరే, తప్పు తప్పే. ఆ కోపంతో బావమరిది ఒక క్రిస్మస్ విందులో బంగాళాదుంపల గిన్నె కూడా అతని వైపు జరపలేదు.

పంతొమ్మిదివందల అరవై ఏడు వేసవిలో ప్రొఫెషనల్ సాకర్ లీగ్ ఒకటి కొత్తగా మొదలైంది. ఆటను దేశంలో ఇంటింటికీ చూపిస్తామని టీవీవాళ్లు ముందుకొచ్చారు. రెఫరీగా రమ్మని క్లెమ్‌కు కబురొచ్చినప్పుడు అతని కాళ్లు నేల మీద నిలవలేదు.

టీవీవాళ్లకు ఒకటే చిక్కు. బేస్‌బాల్ బుద్ధిమంతురాలు, మాటిమాటికీ ఆగుతుంది, ఆగినప్పుడల్లా ఒక ప్రకటన వేసుకోవచ్చు. ఈ సాకర్ మహాతల్లి ఎందుకాగుతుంది? మొదలుపెడితే సగమయ్యేదాకా పరుగే. ప్రకటనలు లేనిదే టీవీ నడవదు. అందుకని ప్రూయిట్ అనే టీవీ మనిషి క్లెమ్ చొక్కా లోపల, భుజం దగ్గర, అగ్గిపెట్టెంత యంత్రం కట్టాడు. అది కీచుమన్నదంటే క్లెమ్ ఏదో ఒక వంక పెట్టి ఆట ఆపాలి. ఆపకపోతే వచ్చే ఆదివారం వేరే రెఫరీ వస్తాడు.

లేని తప్పు ఒకడి మీద మోపడానికి క్లెమ్‌కు మనసొప్పలేదు. అంతకంటే ఎవరో ఒకరు దెబ్బ తగిలినట్టు పడుకుంటే నయమనిపించింది. ఎక్కువగా పడుకునేవాడు ఎగ్‌బర్ట్ సీలీ. ట్రినిడాడ్ నుంచి వచ్చిన డిఫెండర్, ముప్పై దాటి చాన్నాళ్లయింది, కాళ్ల కంటే నోరు చురుకు.

"సీలీ, కాస్త పడుకో నాయనా," అనేవాడు క్లెమ్ పక్కనుంచి పరిగెత్తుతూ.

"ఎక్కడ నొప్పి పెట్టమంటారు రెఫరీ గారూ?"

"నీ ఇష్టం."

"అయితే ఎడమ మోకాలు. కుడిదానికి పోయినవారం పెట్టాను, దానికి విశ్రాంతి కావాలి."

సీలీ పడుకునేవాడు. ఆ తర్వాత వచ్చే కాసేపు నిజంగా విచిత్రంగా ఉండేది. దేశమంతా టీవీలో సబ్బు నురగా తెల్లదుప్పట్లూ చూస్తుండగా, ఇక్కడ మైదానంలో ఆటగాళ్లు కలల్లో మనుషుల్లా మెల్లగా తిరిగేవాళ్లు. ఒకడు మోకాళ్ల మీద కూర్చుని గడ్డి పీకేవాడు. గోల్‌కీపర్ స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకునేవాడు. మిసిసిపీ మీదనుంచి వేడిగాలి నిదానంగా వచ్చి చొక్కాల్లో దూరేది. పడుకున్న సీలీ ఆకాశంలోకి చూస్తూ, అటు వెళ్లే మబ్బు తమ ఊళ్లో మబ్బులా లేదని చెప్పేవాడు. క్లెమ్‌కు ఆ నిశ్శబ్దం ఎంతో నచ్చేది, నచ్చినందుకు సిగ్గేసేది. ఆ పగళ్లలో తన ఈల తనది కాదని అతనికి తెలుసు.

ఆగస్టులో ఒక ఆట. ఇరుజట్లకూ గోల్ లేదు. మైదానం మధ్యలో బంతి సీలీకి చిక్కింది. ఎవరికి అందించాలా అని చూశాడు, ఎవరూ లేరు. ఎదురుగా కూడా ఎవరూ లేరు. అమెరికా వచ్చాక ఒక్క గోలూ కొట్టని మనిషి పరుగందుకున్నాడు. ప్రేక్షకులు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. క్లెమ్ పక్కనే పరిగెత్తుతున్నాడు.

భుజం కీచుమంది.

అది సీలీకీ వినబడింది. పాపం, అలవాటు. అతని మోకాళ్లు వాటంతటవే వంగబోయాయి. బంతి కాస్త ముందుకు జారింది. తల తిప్పి, ఎక్కడ నొప్పి పెట్టమంటారని అడిగేవాడిలాగే క్లెమ్ వైపు చూశాడు. యంత్రం మళ్లీ కీచుమంది, ఈసారి ఆగకుండా. ఈల క్లెమ్ పెదాల మధ్యే ఉంది. ఊదితే వచ్చే ఆదివారం కూడా ఇక్కడే ఉంటాడు. ఆ చూపు చూశాడు క్లెమ్. ఒక మనిషికి పడిపోవడం నేర్పింది తనే కదా.

ఈల నోట్లోంచి తీసేశాడు.

"ఆడు," అన్నాడు. "ఆడు సీలీ, పో."

సీలీ పోయాడు. బంతి గోల్‌కీపర్ చేతికింద నుంచి, తొందరేమీ లేనట్టు, దొర్లుకుంటూ వలలోకి వెళ్లింది.

ఆట ముగిశాక ప్రూయిట్ నడవలో ఎదురొచ్చి క్లెమ్ చొక్కాలోంచి యంత్రం విప్పి తీసుకున్నాడు. అతనేమీ అరవలేదు. అప్పుడు ప్రకటన నడుస్తోందనీ, టీవీలో ఆ గోల్ చూసినవాడు దేశంలో ఒక్కడూ లేడనీ, ఫిర్యాదు ఫోన్లు మోగుతూనే ఉన్నాయనీ, ఇక రానక్కర్లేదనీ చెప్పి, అలసటగా వెళ్లిపోయాడు. భుజం తేలికైనా క్లెమ్‌కు ఏడుపొచ్చినంత పనైంది. ఆ పచ్చిక అంటే అతనికి ప్రాణం.

ఇంటికి వెళ్లేసరికి భార్య అడెలైన్ వంటింట్లో చల్లారిన కాఫీ ముందు కూర్చుని ఉంది. ప్రతి ఆటా ఆమె టీవీలో చూస్తుంది. ఎలా చెప్పాలా అని అతను బూట్ల తాళ్లు విప్పుతూ కూర్చున్నాడు.

"గోల్ చూశావా?" అన్నాడు చివరికి.

"ఎక్కడ? ఒకావిడ దుప్పట్లు ఆరేస్తోంది. అదయ్యాక చూస్తే స్కోరు అంకె మారిపోయింది, నువ్వు వెనక్కి పరిగెత్తుతూ నవ్వుతున్నావు. చాలాసేపు నీ మొహమే చూపించారు."

"వచ్చే ఆదివారం నేను లేను అడెలైన్."

"తెలుసు," అంది ఆమె, అతని చెమట పట్టిన మెడ మీద చెయ్యి వేసి. "అలా నవ్వే రెఫరీని ఎవడుంచుకుంటాడు?"